వచ్చిందని రాసిన పడవ

ఆ ఉదయం అమలాపురం ఎర్రవంతెన దగ్గర మేడమీది చిన్న ఆఫీసులో అందరూ టీ తాగి, హమ్మయ్య అనుకున్నారు. పడవల సంఘం కోసం రేచల్ రాసిన 'రేవు' అనే అప్లికేషన్‌లో, వాయుగుండం కబురు విని వెనక్కి రావలసిన అరవైనాలుగు పడవలకీ పచ్చరంగు వచ్చేసింది. అంటే అన్నీ ఒడ్డుకి చేరినట్టే. ఆ జాబితా నమ్ముకుని కంట్రోల్ రూము వాళ్ళు గాలింపు బోటుని కట్టు విప్పకుండా ఉంచేశారు. సరిగ్గా పన్నెండున్నరకి ఐ.పోలవరం నుంచి ఆటోలో వచ్చిన చిన్నతల్లి మెట్లెక్కి, గుమ్మంలోనే నిలబడి, "మీ మిషను మా ఆయన వచ్చేసేడంటంది. ఏడండీ మా ఆయన?" అని అడిగింది. కిందటివారం కథ అక్కడ ఆగింది.

గాలి విసురుకి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. రేచల్ పక్కసీటు అమ్మాయి సుప్రియ లేచివెళ్ళి గొళ్ళెం పెట్టి వచ్చింది. కుర్చీ వేస్తే చిన్నతల్లి కూర్చుంది గాని వీపు ఆనించలేదు. ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండా రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుంది.

ఆవిడ వెనకాలే అదే ఆటోలో వచ్చిన అయ్యప్ప తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆయన రేవు గుమాస్తా. యాభై దాటిన మనిషి. పడవ వేటకి వెళ్ళినా, తిరిగొచ్చినా ఫోనులో దాని నెంబరు కొట్టి నమోదు చేసేది ఆయనే.

"ఇరవైమూడో నెంబరు నేను కొట్టలేదండి. ఆయ్, ఒట్టండి! చిన్నతల్లి మొగుడు ముత్యాలరాజు పడవ కంటికి కనిపిస్తే కదండీ కొట్టడానికి," అన్నాడు.

జాషువా మాస్టారు రేచల్ కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తున్నాడు. ఆ ఆఫీసు ఆయనది. ఒకప్పుడు రాజోలు కాలేజీలో జావా ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పి, తన దగ్గర చదువుకున్న పిల్లలతోనే ఈ ఆఫీసు పెట్టాడు. వాళ్ళలో మొదటిది రేచల్.

"మరి ఇదేంటయ్యా? తొమ్మిదీ నలభైరెండుకి ఇరవైమూడు వచ్చినట్టు పడింది. నీ ఫోనునుంచే పడింది," అన్నాడాయన.

"అప్పుడు నేను కొట్టింది పదిహేడండి."

"పదిహేడు తొమ్మిదీ నలభైయారుకి పడింది."

"అది రెండోసారండి. మొదట కొట్టేనండి, కాసేపాగి చూస్తే పదిహేడు ఇంకా రాలేదనే ఉందండి. నెట్టు బాగోలేదేమో అనుకుని మళ్ళీ కొట్టేను."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "వానలో, అంత కంగారులో, తడిచేత్తో కొట్టి ఉంటావు. ఎవరికైనా జరుగుతుందిలే." కోపంగా అనలేదు. జాలిగానే అన్నాడు. అనేసి కంట్రోల్ రూముకి ఫోను కలిపి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టాడు. అవతల పలికింది అక్కడి బాధ్యతలు చూస్తున్న కనకరత్నం గారు.

"అమ్మా, ఒక పడవ పొరపాటున వచ్చినట్టు పడిందండి. ఇరవైమూడు. సరంగు ముత్యాలరాజు, ఇంకో ముగ్గురున్నారు. గోదారి మొగ దాటి సముద్రంలో దక్షిణంగా వెళ్ళేరట. వాళ్ళింకా రాలేదండి."

అవతల ఆవిడ గొంతు గట్టిపడింది. "మూడు గంటలు పోయాయి మాస్టారూ. సరే, బోటుని ఇప్పుడే పంపిస్తాను. మిగతా అరవైమూడూ సరిగ్గానే ఉన్నాయాండి?"

"ఉన్నాయండి. ఇది గుమాస్తా చేతి పొరపాటు. అంతేనండి."

ఫోను పెట్టేశాక చిన్నతల్లి మెల్లిగా తల తిప్పి అయ్యప్పని చూసింది. "నీ చేత్తోనే రాసేవా అన్నయ్యా?" అంది.

ఆ మాటకి అయ్యప్ప జేబులోంచి ఫోను తీసి, బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇరవైరెండేళ్ళు పుస్తకంలో రాసేనండి. ఒక్క పడవ తప్పు పోలేదు," అన్నాడు. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియనట్టుంది.

రేచల్‌కి కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. బోటు బయల్దేరుతోంది, ఇంక తను చెయ్యగలిగిందేమీ లేదు అనుకుని కూర్చోవచ్చు. కానీ ఆ 'రెండోసారి' అన్న మాట కాలికి గుచ్చుకున్న ముల్లులా ఉంది. మొదటిసారి కొట్టిన పదిహేడు ఏమైపోయింది? నెట్టు లేకపోతే అసలేదీ పడకూడదు. పడింది. ఇంకో నెంబరై పడింది.

రేచల్ వెళ్ళి సుప్రియ సీట్లో కూర్చుని సర్వర్ లాగ్ తెరిచింది. ఎవరి ఫోనునుంచి ఏం అడిగారో, ఏం రాశారో ఒక్కొక్క వరసగా రాసిపెట్టే ఫైలది. ఎవరూ మామూలుగా తెరవరు. తొమ్మిదీ నలభైరెండు దగ్గరికి వెళ్ళింది.

మొదటి వరస: అయ్యప్ప ఫోను, పదిహేడు వచ్చింది.

అదే సెకనులో రెండో వరస: చివర డెబ్బైనాలుగున్న వేరే ఫోను, ఇరవైమూడు వచ్చిందా?

మూడో వరస: అయ్యప్ప ఫోను, ఇరవైమూడు వచ్చినట్టు నమోదైంది.

రేచల్ ఆ మూడు వరసలూ నాలుగుసార్లు చదివింది. ఆయన కొట్టింది పదిహేడే. సర్వర్‌కి చేరింది పదిహేడే. లోపలికి వెళ్ళి బయటికొచ్చేసరికి ఇరవైమూడైంది.

"చిన్నతల్లి గారూ, మీ ఫోన్ నెంబరు చివర డెబ్బైనాలుగాండి?"

"ఆయ్."

"పొద్దున్న పడవ వచ్చిందా అని ఫోన్లో చూశారా?"

"చూడకేం చేస్తానండీ? తెల్లారినకాణ్ణించీ అదే పని. మొదట రాలేదంది. పొయ్యి మీద గిన్నె దించి మళ్ళీ చూస్తే వచ్చేసేడంది. చెప్పుల్లేకుండా రేవుకి పరిగెత్తేను. అక్కడ లేడు. అవతలి రేవులో దిగేడేమో అనుకుని అక్కడికీ వెళ్ళేను. అక్కడా లేడు."

రేచల్ తను రాసిన కోడు తెరిచింది. వెతకనక్కర్లేకపోయింది. రెండేళ్ళ కిందట సంఘం వాళ్ళకి చూపించాల్సిన రోజున, హడావిడిగా రాసిన క్లాసు అది, ప్రోగ్రాములో ఒక ముక్క. పడవ వచ్చిందని నమోదు చేసేదీ అదే, వచ్చిందా అని అడిగితే చెప్పేదీ అదే. పైన, అన్ని పనులకీ వెలుపల, ఒకే ఒక్క వరసలో పడవ నెంబరు దాచుకునే చోటు పెట్టింది. ఎందుకు పెట్టింది? ప్రతి పనికీ నెంబరు విడిగా అందించడం బద్ధకమనిపించి పెట్టింది. అంతకుమించి కారణం లేదు.

ఆ ప్రోగ్రాముకి ఆధారంగా వాడిన ఫ్రేమ్‌వర్కులో అలాంటి క్లాసుకి సర్వర్లో ఒక్కటే ప్రతి ఉంటుంది. ఒక్కరు అడిగినా వెయ్యిమంది అడిగినా అందరి పనీ ఆ ఒక్కటే చూస్తుంది. అయ్యప్ప కొట్టిన పదిహేడుని అందులో పెట్టుకుని, దాని లైసెన్సు సరైనదా కాదా అని డేటాబేసుని అడగడానికి అర సెకను పట్టింది. ఆ అర సెకనులో చిన్నతల్లి ఇరవైమూడు వచ్చిందా అని అడిగింది. ఉన్న ఒక్క చోటులో పదిహేడు చెరిగి ఇరవైమూడు కూర్చుంది. లైసెన్సు చూసుకుని వచ్చిన నమోదు పని, అక్కడ ఏ నెంబరుంటే ఆ నెంబరు రాసేసింది.

"సుప్రియా, ఒకసారి ఇటు రా," అంది రేచల్.

అసలు సర్వర్ని ముట్టుకోకుండా, పరీక్షకని ఉంచిన రెండో సర్వర్లో ఇద్దరూ చెరో ఫోనూ పట్టుకుని కూర్చున్నారు. రేచల్ ఒకటో నెంబరు వచ్చిందని కొడుతుంది. సుప్రియ అదే క్షణాన రెండో నెంబరు వచ్చిందా అని అడుగుతుంది. మొదటిసారి ఏం కాలేదు. రెండోసారీ సరిగ్గానే పడింది. మూడోసారి సుప్రియ ముందే నొక్కేసింది.

"ఒకటి, రెండు, మూడు అంటాను. మూడు అనగానే," అంది రేచల్.

నాలుగోసారి, ఒడ్డుకి రాని రెండో నెంబరు పక్కన పచ్చరంగు వెలిగింది.

సుప్రియ నోటిమీద చెయ్యి వేసుకుంది. "అక్కా, ఇన్నాళ్ళూ ఎలా పట్టుబడలేదు?"

"పరీక్ష చేసింది నేను ఒక్కదాన్నే. ఒక్కరు వాడితే ఎప్పటికీ రాదు. మామూలు రోజుల్లో పడవ వచ్చిందా అని ఎవరడుగుతారు? ఇలాంటి రోజున అందరూ ఒకేసారి అడుగుతారు."

దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. పైనున్న ఆ ఒక్క వరసా తీసేసి, నెంబరుని ఏ పనికి ఆ పని తన లోపలే పెట్టుకునేలా, చేతికిచ్చినదాన్నే చివరిదాకా తీసుకెళ్ళేలా మార్చింది. మళ్ళీ ఇద్దరూ కూర్చుని ముప్ఫైసార్లు నొక్కారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆరు వరసల మార్పు.

మాస్టారు వెనక గదిలో, ఇన్వర్టర్ పక్కన నిలబడి ఎవరికో ఫోన్లో సర్దిచెబుతున్నాడు. పెట్టేశాక రేచల్ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నాడు.

"దిద్దేశావా?"

"దిద్దానండి. అసలు సర్వర్లోకి ఇంకా ఎక్కించలేదు."

"ఎక్కించెయ్. బోటు ఎలాగూ వెళ్ళింది. అయ్యప్ప సంగతి సంఘం ప్రెసిడెంటుతో నేను మాట్లాడతాను, ఉద్యోగానికేం ఢోకా రానివ్వను. ఇంతటితో ఊరుకుందాం."

"ఊరుకుందామా?"

"రేచలూ, వచ్చేవారం తీరమంతటికీ ఇదే పెట్టాలా వద్దా అని తేలుస్తారు. ఈ ఊళ్ళో ఉండి, ఈ గోదారి నీళ్ళు తాగి, ఇలాంటి పని మనం చెయ్యగలమని చూపించడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ప్రోగ్రాము ఒక పడవని మింగేసిందని బయటికెళ్తే మళ్ళీ మన మొహం ఎవరు చూస్తారు? నీతో కలిపి పదముగ్గురు పిల్లలున్నారు అవతల గదిలో."

రేచల్‌కి ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. మొదటిరోజు తను రాసిన ప్రోగ్రాం నడవక ఏడుస్తుంటే, పక్కన కూర్చుని, ఎర్రగా వచ్చిన తప్పుల వరసల్ని భయపడకుండా పైనుంచి చదవడం నేర్పింది ఈయనే. ఈయన ముందు గొంతెత్తి మాట్లాడిన రోజు లేదు.

"అయ్యప్ప గారి ఉద్యోగం గురించే కాదు మాస్టారూ. కనకరత్నం గారు మిగతా అరవైమూడూ సరిగ్గా ఉన్నాయా అని అడిగారు. మీరు ఉన్నాయని చెప్పారు."

"అవును."

"ఉన్నాయో లేదో మనకి తెలీదు. గుమాస్తా చెయ్యి జారిందంటే ఒక్క పడవని వెతుకుతారు. ప్రోగ్రామే తప్పంటే అన్ని పడవల్నీ మనుషుల్ని పంపి లెక్కపెట్టిస్తారు. ఈ రెంటికీ తేడా ఉందండి."

ఆయన ఏదో అనబోయాడు. రేచల్ ఆగలేదు. ఆగితే ఇంక అనలేనని తెలుసు.

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను. ఆ క్లాసు మీద నా పేరే ఉంది."

"నీ పేరుంది," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "కింద చూసినవాళ్ళు అన్నచోట నా పేరుంది. నేను చదివి బాగుందన్నాను. ఇంటికెళ్ళే తొందరలో చదివాను." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

రేచల్ ముందుగదిలోకి వచ్చింది. తలుపు దగ్గర అయ్యప్ప ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. ఆఫీసు పిల్లల పన్నెండు తలలు ఒక్కసారి పైకి లేచాయి.

"అయ్యప్ప గారూ, మీరు కొట్టింది పదిహేడే. రెండుసార్లూ పదిహేడే. తప్పు మీది కాదండి. నేను రాసిన ప్రోగ్రాముది. నాది."

అయ్యప్ప పక్కనున్న బల్ల అంచు పట్టుకుని, మెల్లిగా, ఇక్కడికి వచ్చాక మొదటిసారి కూర్చున్నాడు. "నాకు మతి పోయిందేమో అనుకున్నానండి. నిజంగా ఇరవైమూడే కొట్టేనేమో అనుకుంటన్నానండి ఇప్పటిదాకా," అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

చిన్నతల్లి లేచి రేచల్ దగ్గరికి వచ్చింది. "అమ్మాయిగోరూ, నా నెంబరెందుకడిగేరు?"

రేచల్ చిన్న అబద్ధం ఒకటి చెప్పి దాటెయ్యవచ్చు. ఈవిడకి ఆ మాత్రం మేలు చెయ్యకూడదా? కానీ ఈ రోజు ఈ గదిలో తేలిగ్గా అనేసిన ఒక్క తప్పు మాట ఎంతదూరం వెళ్ళిందో ఇప్పుడే చూసింది.

"ఆయన పదిహేడు కొట్టిన క్షణంలోనే మీరు ఇరవైమూడు గురించి అడిగారండి. రెండూ లోపల కలిసిపోయాయి."

చిన్నతల్లి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "అంటే... నేనడగబట్టా? నేనూరుకుంటే రాలేదనే ఉండేదా? నా మొగుణ్ణి నేనే వచ్చేసేడని రాసేసేనా?"

"కాదండీ!" రేచల్ ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. "మనిషి రాకపోతే ఎవరైనా అడుగుతారు. అడగడానికే అది పెట్టాం. అడిగితే ఇంకొకరి మాట చెరిపేసేలా రాసింది నేను. మీరేమీ చెయ్యలేదు. నన్ను తిట్టండి."

చిన్నతల్లి తిట్టలేదు. చేతులు విడిపించుకుని, కిటికీ దగ్గరికెళ్ళి, తూర్పు వైపు మబ్బుని చూస్తూ నిలబడింది. "వచ్చేక తిడతానండి. ఆయన వచ్చేక," అంది.

ఆ వీపు చూస్తూ నిలబడితే పని జరగదు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కంట్రోల్ రూము నెంబరు నొక్కడం మొదలుపెట్టాడు. లైను బిజీ. మళ్ళీ నొక్కాడు. బిజీ. ఈలోగా రేచల్ లాగ్‌లో ఇంకో వెతుకులాట పెట్టింది. లోపలికి ఒక నెంబరై వచ్చి, ఇంకో నెంబరై నమోదైన వరసలన్నీ చూపించమంది.

రెండు వచ్చాయి. ఒకటి ఇరవైమూడు. రెండోది పదీ ఇరవైయారుకి. అవతలి రేవు గుమాస్తా యాభైఎనిమిది వచ్చిందని కొట్టాడు. నమోదైంది మాత్రం నలభైఒకటి. యాభైఎనిమిది ఆయనా రెండోసారి కొడితేనే పడింది.

"నలభైఒకటి ఎవరిదండీ?" అంది రేచల్.

అయ్యప్ప కంగారుగా ముందుకొచ్చాడు. "మరిడమ్మా, ఆవిడ మొగుడూ అండి. మడ అడవి పాయల్లో పీతల వేటకి పోతారు, ఉత్తరాన. పడవలోనే వండుకుని రెండు మూడు రోజులుంటారండి. అత్త బుచ్చమ్మా, ఇద్దరు పిల్లలూ కూడా పడవలోనే ఉంటారు. ఏమైందండీ?"

అందుకే వాళ్ళ కోసం ఎవరూ మెట్లెక్కి రాలేదు. అడగాల్సినవాళ్ళంతా పడవలోనే ఉన్నారు. మరి ఆ సెకనులో నలభైఒకటి గురించి అడిగిందెవరు? రేచల్ ఆ వరస పైకి జరిపింది.

అది వచ్చిందా అన్న ప్రశ్న కాదు. పడవలోంచే వచ్చింది. మరిడమ్మ ఫోనులోంచి, సాయం కోసం నొక్కే ఆపద బటను; దాని పనీ ఆ క్లాసుదే.

ఆపద అని పడిన అర సెకనుకి, యాభైఎనిమిది తాలూకు నమోదు వచ్చి దాని మీద 'వచ్చింది' అని రాసేసింది. మునిగిపోతున్నామని నొక్కిన మనిషి ఫోనుకి, మీ పడవ క్షేమంగా రేవు చేరింది అని జవాబు వెళ్ళింది.

రేచల్ నలభైఒకటి పేరుతో ఉన్న వరసలన్నీ తెరిచింది. పదీ ఇరవైఎనిమిదికి మళ్ళీ ఆపద. పదిన్నరకి మళ్ళీ. పదకొండున్నరకి, పన్నెండుకి, ఒంటిగంటకి. మొత్తం పదకొండుసార్లు. మొదటిది తప్ప ప్రతిదాని పక్కనా ఒకే జవాబు: పడవ ఒడ్డునే ఉంది, స్వీకరించలేదు. ఇళ్ళ దగ్గర ఫోన్లతో ఆడుకుంటూ పిల్లలు ఆపద బటను నొక్కేస్తున్నారని సంఘం వాళ్ళు అంటే, ఒడ్డుకి చేరిన పడవనుంచి అది తీసుకోకుండా చేసింది కూడా తనే.

"బోటు దక్షిణానికి వెళ్ళింది కదండీ," అంది సుప్రియ సన్నగా.

మాస్టారు ఫోను చెవిదగ్గరే పట్టుకుని తెర మీదికి వంగాడు. చివరిసారి నొక్కింది ఎప్పుడో చూడమన్నాడు. రేచల్ కిందికి జరిపింది. ఒకటీ యాభైరెండు. గోడగడియారం రెండూ అయిదు చూపిస్తోంది.

రేచల్ వేలు తీసేలోపే తెర అడుగున కొత్త వరస ఒకటి వచ్చి పడింది.

రెండూ ఆరు. నలభైఒకటి. ఆపద. పడవ ఒడ్డునే ఉంది, స్వీకరించలేదు.